తూము కాడి మనిషి

తెల్లారుజామున మూడూ నలభైకి తెచ్చినారు ఉరుకుందప్పను.
కర్నూలు పెద్దాసుపత్రి. క్యాథ్ ల్యాబ్ చలికి
నా వేళ్లు అప్పటికే కొయ్యబారి ఉన్నాయి.
కే.సి. కాలువ మీద లస్కరు.
ఖాకీ నిక్కరు ఇంకా తడిగానే ఉంది,
గోళ్ల సందుల్లో గుర్రపుడెక్క పచ్చదనం.
"తూముకు అడ్డం పడిన చెత్త లాగుతాంటి తల్లీ,
ఎదమీద ఎవుడో గడపార పెట్టి అదిమినట్లాయ."

నములప్పా, మింగొద్దు. చేదైనా నములు.
తర్వాత ఇవి నాలుగు, గుక్కెడు నీళ్లతో.
కడుపులో పుండుందా, మలం నల్లగా పోయిందా,
తలకు దెబ్బ తగిలిందా, మూతి ఎప్పుడైనా వంకరపోయిందా?
తలుపవతల మహాలచ్చుమ్మ అన్నిటికీ లేదు లేదంది.
ఒక్కదానికి ఆగింది:
"పోయిన నెల పన్ను పీకిచ్చుకున్యాడు.
నెత్తురు బిరీన నిల్చిపాయ."
రాసుకున్నా. మా కాగితం మీద దానికీ ఒక గడి ఉంది.

హెపారిన్ సీసా నా బొటనవేలంత.
తక్కువైతే మేం పంపే తీగ మీదే నెత్తురు పేరుకుంటుంది,
ఎక్కువైతే మాకు కనపడని చోటెక్కడో కారుతుంది.
బరువెంతంటే, "మొన్న వడ్ల కాటా ఎక్కితే అరవై రెండు."
లెక్కగట్టి అంకె గట్టిగా పలికా.
ఖాజా తిరిగి పలికాడు.
రెండు నోళ్లలో పడి వచ్చిన అంకె
అబద్ధమాడదని మా నమ్మకం.

తెర మీద గుండె వంకలు.
ఒకటి మధ్యలోనే మాయం.
"గడ్డ బాగా ఉంది" అన్నాడు డాక్టర్ జిలానీ,
మాకు మాత్రమే వినపడాలని.
బల్ల మీద మనిషి మెలకువగానే ఉన్నాడు కదా.
"తోస్తే కాదు సార్. తోస్తే ముక్కలై కిందికి పోతాది.
కింద పిల్లకాలువలుంటాయి, ఆడ ఇరుక్కుంటే
దేవుడు గూడ తీయలేడు. మీదికే లాగల్ల."

డాక్టరు చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
నేను లాగే సిరంజి అందించా.

జాలీ మీద పోస్తే రెండు ముక్కలు,
దానిమ్మ గింజ కన్నా చిన్నవి,
ఒకదానికి తోక.
పదకొండేళ్లుగా చూస్తున్నా,
ఇంతేనా అనిపిస్తుంది ప్రతిసారీ.
నెత్తురు గడ్డకట్టే సెకన్లు లెక్కబెట్టే పెట్టె
రెండు వందల డెబ్బై చూపింది. చాలు.
స్టెంటు తెరుచుకుంది. మాయమైన వంక
కొస దాకా నల్లగా పారింది.
ఎవరమూ ఏమీ అనలేదు. ఖాజా మాత్రం మాస్కు లోపల
ముక్కు గోక్కున్నాడు.

ఆదోని జిన్నింగు మిల్లు మనిషొకాయన, పోయిన ఉగాదికి ముందు.
నొప్పి లేదు కదా అని మూడో వారంలో మాత్రలు మానేశాడు.
స్టెంటు మూసుకుపోయి వచ్చాడు.
పేరు చెప్పను.
ఫైలులో నా అక్షరాలే ఉన్నాయి, మాత్రల సంగతి వివరించితిని అని.
వివరించా. నిజమే.
ఆయనకు వినపడిందా అని రాయడానికి గడి లేదు.

అందుకే మహాలచ్చుమ్మను వరండాలో కూర్చోబెట్టి
నా నోటి మాట ఆమె నోట అనిపించా.
పన్ను పీకిచ్చుకున్నా, పస్తున్నా, పెండ్లికి పోయినా,
మమ్మల్ని అడగకుండా ఈ రెండూ మానకూడదు.
రెండుసార్లు తప్పు చెప్పింది.
మూడోసారి కూడా పస్తు మరిచింది.
"ఒక్కపొద్దు రోజు కూడానా?"
ఒక్కపొద్దు రోజు కూడా.

ఏడున్నరకు మణికట్టు పట్టీలో గాలి కొంచెం కొంచెంగా తీస్తున్నా,
ఒక కన్ను గాయం మీదే పెట్టి.
"చెత్త సగమే లాగినా" అన్నాడు,
"నా తూము కాడ ఇప్పుడెవురుండారు తల్లీ?"

నాకు తెలీదు.
డ్యూటీ దిగి కాలువ వంతెన మీద స్కూటీ ఆపా.
ఎర్ర నీళ్లు, ఒక చెప్పు, విరిగిన కొబ్బరిమట్ట
కలిసి దిగువకు పోతున్నాయి.